పదును

సాఫ్ట్‌వేర్ తొమ్మిది శాతం అంది.
పదిహేను దాటకుంటే చాలు మా పత్రికకు.
ఆకుపచ్చ గుర్తు పడింది.
అనంతపురంలో మే నెలలో కనిపించే
ఒకే ఒక్క ఆకుపచ్చ.

పోయిన వారం ఒక పిల్ల వ్యాసానికి
ముప్పై ఎనిమిది వచ్చింది.
తెరంతా పసుపూ ఎరుపూ, పెళ్ళిపందిరి మాదిరి.
వరుస వరుసా చదివినా.
మట్టి పరీక్ష చేసే పద్ధతి అందరిదీ ఒకటే,
మందుల పేర్లూ అవే,
‘ఈ జిల్లాలో వర్షపాతం తక్కువ’ అన్న మాట
ఇంకెట్లా రాస్తారు ఎవరైనా?
ఆ పిల్ల ఎవరి సొమ్మూ ఎత్తుకోలేదు.
అచ్చుకు పంపించినా.

ఇది తొమ్మిదే.
ఇస్త్రీ చేసిన చొక్కా లాగ ఉంది.
నాలుగో పేజీలో మాత్రం కాలికి ముల్లు తగిలింది.
ఇంగ్లీషులో రాసినారు:
జూలైలో ఆ నేలకు
రెండు కత్తివాదరల వాన కురిసిందంట.

వానను కత్తితో కొలిచిందెవరబ్బా?
మళ్ళీ చదివినా. టీ చల్లారింది.
అప్పుడు నోట్లోంచి దానంతట అదే వచ్చింది:
రెండు పదున్ల వాన.

దుక్కిలోకి వేలు గుచ్చి
తడి ఎంత లోతు దిగిందో చూసి
మావాళ్ళు చెప్పే లెక్క అది.
యంత్రానికేం తెలుసు,
నిఘంటువులో పదును పక్కన కత్తి కూర్చోనుంది.

తెలుగు నోటుబుక్కును ఇంగ్లీషు చేస్తే
ఏ సాఫ్ట్‌వేరూ పసిగట్టదు.
మనం తాళం వేసింది వాకిలికి,
వాడు దిగింది మిద్దె గవాచిలోంచి.

ఆ నోటుబుక్కులు నాకు తెలుసు.
కళ్యాణదుర్గం రోడ్డులో పరిశోధన కేంద్రం,
వర్షమాపకం దగ్గర ఇరవై ఆరేండ్లు
పొద్దున ఎనిమిదిన్నరకు నిలబడిన మనిషి.
ఎడమ పక్క మిల్లీమీటర్లు, కుడి పక్క పదున్లు.
ఉత్తర కార్తెలో ఒకనాడు అరవై ఒకటి అని వేసి
కింద ఎర్ర పెన్నుతో:
‘మేక తన్నింది. తొట్టి నీళ్ళు పడినాయి. నమ్మొద్దు.’

వ్యాసంలో రెండో పట్టిక తీసినా.
అరవై ఒకటి ఉంది.
మేక లేదు.

‘దొంగ అనొద్దు,’ అన్నారు హుస్సేన్‌బీ మేడం,
మా ప్రధాన సంపాదకురాలు.
‘పోలికలు అని రాయండి. వివరణ కోరుతున్నాం అనండి.
ఇరవై ఒక్క రోజులు ఇవ్వండి.’
నోటుబుక్కు ఒకపక్క, వ్యాసం ఒకపక్క పెట్టి
పదకొండు చోట్ల గీతలు గీసి
ముగ్గురు రచయితలకూ వేరువేరుగా పంపినాం.

మొదటి పేరు, ప్రమోషన్ ఫైలు కదులుతున్న పేరు,
మూడో రోజే జవాబిచ్చింది: మా విద్యార్థిని పొరపాటు.
రెండో పేరు పలకలేదు.
మూడో పేరు, ఆ విద్యార్థిని, రాసింది:
‘ఇందులో నా పేరుందని
మీ ఉత్తరం చూసినాకే తెలిసింది సార్.’

వ్యాసం వెనక్కి పంపినాం.
కాగితాలన్నీ కట్టి వాళ్ళ కాలేజీకి పంపినాం.
రెండు నెలలైంది. ప్రిన్సిపాలు సెలవులో ఉన్నాడంట.

కుళ్ళాయప్పకు ఫోన్ చేసి చెప్పినా.
చాలాసేపు ఏమీ అనలేదు. వెనక ఏదో బండి శబ్దం.
‘వాన నాదేంది సార్, పైనించి పడింది.
మేక మాత్రం నాదే.
దాన్నేంటికి ఇడ్సిపెట్న్యారు?’

నవ్వినా. ఆయనా నవ్వినాడు.
ఫోన్ పెట్టినాక నవ్వు ఒక్కటే మిగల్లేదు.

రాత్రి బీరువాలోంచి నా పాత వ్యాసం తీసినా,
నాకు డాక్టరేట్ తెచ్చిపెట్టినది.
అవే వానలు, అవే పదున్లు,
పదును నేను సరిగ్గానే అనువదించుకున్నా.
చివర కృతజ్ఞతల్లో గైడు పేరు, గైడు భార్య పేరు,
టైపు చేసినాయన పేరు.
పోలిక శాతం పెట్టి చూసినా. సున్నా.

పొద్దున హుస్సేన్‌బీ మేడంకు ఒక కాగితం ఇచ్చినా.
ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసి,
మళ్ళీ పెట్టుకొని, కామా ఒకటి దిద్ది,
వచ్చే సంచికకు పంపించింది:

సవరణ.
పుట 112, కింది నుంచి ఏడో వరుసలో
‘స్థానిక పరిశీలకుడు’ అన్నచోట
‘తలారి కుళ్ళాయప్ప’
అని చదువుకోగలరు.